నాణ్యత కార్యక్రమాలకు ఏ డాక్టర్లు వస్తారు, ఎవరు రారు?

అమెరికాలోని ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్లలో పదిమందికి దాదాపు నలుగురు బయటి దేశాల్లో డాక్టరీ చదివి అక్కడికి వెళ్లినవాళ్లే. వాళ్లలో భారతీయులది పెద్ద వాటా. గుంటూరు, కర్నూలు, కాకినాడ, ఉస్మానియా, గాంధీ కాలేజీల్లో చదివిన తెలుగు డాక్టర్లు అక్కడి చిన్నచిన్న ఊళ్లలో కూడా తగులుతారు. వాళ్లు నలుగురు ఒకచోట చేరితే, పిల్లల చదువుల సంగతులు అయ్యాక తరచూ వచ్చే మాట "ఎంఓసీ". మెయింటెనెన్స్ ఆఫ్ సర్టిఫికేషన్ అనే ఈ పద్ధతి, ఒకసారి తెచ్చుకున్న బోర్డు సర్టిఫికెట్‌ను (స్పెషాలిటీ బోర్డు ఇచ్చే గుర్తింపును) నిలబెట్టుకోవడానికి పాయింట్లు, పరీక్షలు, ఫీజులతో డాక్టరు వెంట ఉంటుంది. దాని పేరెత్తితే చాలామందికి చిరాకు. అందులో ఒక భాగం గురించి మాత్రం కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. డాక్టరు తన క్లినిక్‌లో తాను చేస్తున్న వైద్యాన్ని తానే కొలుచుకుని, లోపం ఎక్కడుందో చూసి, సరిచేసుకునే భాగం అది. దాన్ని ప్రాక్టీస్ ఇంప్రూవ్‌మెంట్ అంటారు.

ఇలాంటి కార్యక్రమం గురించి వార్త వచ్చినప్పుడల్లా అందరూ అడిగేది ఒకటే: దీనివల్ల వైద్యం బాగుపడిందా? దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అసలు ఇందులో చేరిన డాక్టర్లు ఎవరు? చేరనివాళ్లు ఎవరు? ఇది తేలకుండా మొదటి ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా అది సగం జవాబే.

ఇంటర్నల్ మెడిసిన్ అంటే మన దగ్గర ఎండీ జనరల్ మెడిసిన్. షుగర్, బీపీ, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ, జ్వరాలు, ఇలా కోత లేకుండా పెద్దవాళ్లకు చేసే వైద్యమంతా ఇందులోకే వస్తుంది. దీర్ఘకాలిక జబ్బుల భారం ఎక్కువగా పడేది వీళ్ల మీదే కాబట్టి, "తెలిసింది చేస్తున్నామా లేదా" అన్న లెక్క కూడా వీళ్ల దగ్గరే ముందు మొదలైంది.

ఆ లెక్క ఎందుకు అవసరమైందో తెలియాలంటే పాతికేళ్ల వెనక్కి వెళ్లాలి. ఆస్పత్రుల్లో జరిగే పొరపాట్ల వల్ల ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని 1999లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంచనా వేసింది. 2003లో ఎలిజబెత్ మెగ్లిన్ బృందం పన్నెండు నగర ప్రాంతాల్లో పెద్దవాళ్ల వైద్య రికార్డులు తిరగేసి, వాళ్లకు అందాల్సిన వైద్యంలో అందింది 54.9 శాతమేనని తేల్చింది. మందులు లేక కాదు, డాక్టర్లకు తెలియక కూడా కాదు. షుగర్ పేషెంట్‌కు ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించాలని ఏ ఫిజీషియన్‌ను నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ మాట తెలియడానికీ, ఈ నెల తన దగ్గరికొచ్చిన వందమందిలో ఎంతమందికి ఆ పరీక్ష జరిగిందో తెలియడానికీ మధ్య చాలా దూరం ఉంది.

పైగా ఆ దూరం ఎంతో డాక్టరుకు లోపలి నుంచి కనిపించదు. డాక్టర్లు తమ గురించి తాము వేసుకునే అంచనాలను బయటి కొలతలతో పోల్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2006లో ఒక సమీక్ష వచ్చింది. మొత్తం 20 పోలికల్లో 13 చోట్ల ఆ రెంటికీ పెద్దగా పొంతనే లేదు, కొన్నిచోట్ల అయితే అంతా తలకిందులు. నైపుణ్యం తక్కువున్నవాళ్లు, తమ మీద తమకు గట్టి నమ్మకం ఉన్నవాళ్లు, వీళ్లే తమను తాము అందరికంటే తప్పుగా అంచనా వేసుకున్నారు. అనుభవమే అన్నీ నేర్పుతుందనే మాటకు కూడా అంతకు ముందు ఏడాదే దెబ్బ తగిలింది. అనుభవానికీ వైద్య నాణ్యతకూ సంబంధాన్ని చూసిన 62 పరిశీలనలను హార్వర్డ్ పరిశోధకులు పోగుచేస్తే, సగానికి పైగా వాటిలో ఏళ్లు గడిచేకొద్దీ పనితీరు తగ్గుతున్నట్టు కనిపించింది. నలభై ఏళ్ల అనుభవమున్న డాక్టరుగారి మీద మనకుండే గురి వేరు. ఈ లెక్క చెప్పేది ఆయన చేయి మంచిదా కాదా అన్నది కాదు, నలభై ఏళ్ల కింద నేర్చుకున్నది ఎంతవరకు మారిందన్నది.

ఇక సర్టిఫికెట్ కథ. అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పుట్టింది 1936లో. చాలాకాలం దాని సర్టిఫికెట్ ఒకసారి వస్తే జీవితాంతం చెల్లేది. 1970లలో బోర్డుకు ఒక ఆలోచన వచ్చింది: ఇష్టమున్నవాళ్లు మళ్లీ పరీక్ష రాసి తమ జ్ఞానం తాజాగా ఉందని చూపించుకోవచ్చు అని. 1974లో మొదటిసారి పెట్టారు. తర్వాత మళ్లీ పెట్టారు. వచ్చినవాళ్లు మొదటే కొద్దిమంది, పోనుపోనూ ఇంకా తగ్గిపోయారు. స్వచ్ఛందంగా పెడితే ఎవరొస్తారో బోర్డుకు అప్పుడే అర్థమైంది. చివరికి 1990 నుంచి ఇచ్చే సర్టిఫికెట్లకు పదేళ్ల గడువు పెట్టింది. అంతకు ముందు తీసుకున్నవాళ్లకు మాత్రం జీవితకాలం హక్కు అలాగే వదిలేసింది.

ఆ ఒక్క గీత వల్ల ఒకే తరం డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. 1989లో బోర్డు పాసైన డాక్టరుకు ఏ బాదరబందీ లేదు. ఏడాది ఆలస్యంగా పాసైన ఆయన జూనియర్‌కు పదేళ్లకోసారి గండం. చదువులో, తెలివిలో, పేషెంట్లలో ఇద్దరికీ పెద్ద తేడా ఉండదు. పరిశోధకులకు ఇది అడక్కుండా దొరికిన ప్రయోగశాల. దాని సంగతి కాసేపట్లో.

2000లో అమెరికాలోని అన్ని స్పెషాలిటీ బోర్డులూ కలిసి పరీక్ష ఒక్కటే చాలదని తీర్మానించాయి. లైసెన్సు, నిరంతర అధ్యయనం, పరీక్ష, వీటితో పాటు నాలుగో కాలుగా సొంత ప్రాక్టీసును కొలుచుకోవడం వచ్చి చేరింది. ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు దీనికోసం ప్రాక్టీస్ ఇంప్రూవ్‌మెంట్ మాడ్యూల్స్ తయారుచేసింది. షుగర్‌కు ఒకటి, బీపీకి ఒకటి, ఆస్తమాకు ఒకటి, ముసలివాళ్ల సంరక్షణకు ఒకటి, అలా.

ఒక మాడ్యూల్ ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూద్దాం. షుగర్‌ది తీసుకుంటే, డాక్టరు తన షుగర్ పేషెంట్ల చార్టులు ఓ పాతిక బయటికి తీస్తారు. ఒక్కో చార్టు ముందు పెట్టుకుని గడులు నింపుతారు: మూడు నెలల సగటు షుగర్ ఎంత, ఎప్పుడు చేశారు, బీపీ ఎంత, కొలెస్ట్రాల్ ఎంత, కంటి డాక్టరు దగ్గరికి పంపారా, మూత్రంలో ప్రోటీన్ చూశారా, పాదాలు పరీక్షించారా, సిగరెట్ గురించి అడిగారా. పేషెంట్లకు విడిగా ఒక ప్రశ్నాపత్రం వెళ్తుంది. క్లినిక్ పద్ధతుల మీద ఇంకొకటి: పరీక్ష రిపోర్టు వస్తే ఎవరు చూస్తారు, రాని పేషెంట్‌కు ఎవరైనా ఫోన్ చేస్తారా, మందుల జాబితా ఎక్కడుంటుంది. ఇవన్నీ పంపాక డాక్టరు చేతికి తన సొంత మార్కుల షీటు వస్తుంది.

ఎక్కువమంది ఖంగుతినేది పాదాల గడి దగ్గర. పాతిక చార్టుల్లో పది చోట్ల కూడా పాదాలు చూసినట్టు రాసి ఉండదు. "చూశాను, రాయలేదంతే" అనేది మొదటి మాట. కొన్నిసార్లు అది నిజమే. ఇంకాస్త తవ్వితే అసలు కారణం బయటపడుతుంది. డెబ్భై ఏళ్ల పెద్దాయన లేసులు కట్టిన బూట్లు, వాటి లోపల బిగుతైన సాక్సులతో వస్తాడు. ఆయన వంగి అవి విప్పేసరికి ఐదు నిమిషాలు, మళ్లీ తొడుక్కునేసరికి ఇంకో ఐదు. డాక్టరు దగ్గర ఆయనకున్న టైమే పావుగంట. పాదాల మాట గుర్తొచ్చేసరికి తలుపు బయట తర్వాతి పేషెంట్ రెడీగా ఉంటాడు. పరిష్కారం వైద్య పుస్తకాల్లో దొరికేది కాదు. బీపీ చూసే అసిస్టెంట్ షుగర్ పేషెంట్‌ను గదిలో కూర్చోబెట్టగానే "బూట్లు, సాక్సులు తీసేసి కూర్చోండి సార్" అంటుంది, అంతే. డాక్టరు లోపలికి వచ్చేసరికి రెండు పాదాలూ కళ్లెదురుగా ఉంటాయి, మరిచిపోదామన్నా కుదరదు. ఓ రెండు వారాలు ఇలా చేసి, మళ్లీ చార్టులు తీసి లెక్క చూసుకోవాలి. బాగుంటే కొనసాగించాలి, లేకపోతే ఇంకొకటి ప్రయత్నించాలి.

ఈ కథలో డాక్టరు తెలివి కంటే ముఖ్యమైనవి మూడు చోట్ల దాగున్నాయి. మొదటిది, "నా షుగర్ పేషెంట్ల జాబితా ఇవ్వు" అంటే ఇవ్వగలిగే కంప్యూటర్ రికార్డు. రెండోది, బూట్లు విప్పమని చెప్పే మనిషి. మూడోది, చార్టులు తిరగేసే ఆ కొన్ని గంటలకు జీతం తగ్గకుండా ఉండే ఏర్పాటు. ఈ మూడూ ఉన్న డాక్టరుకు మాడ్యూల్ ఒక పని. ఏదీ లేని డాక్టరుకు అది శిక్ష.

చేరేవాళ్ల లక్షణాలు అక్కడి నుంచే అర్థమవుతాయి. మొదట కనిపించేది సర్టిఫికెట్ రకం. గడువున్న సర్టిఫికెట్ ఉన్నవాళ్లు చేరారు, జీవితకాలం సర్టిఫికెట్ ఉన్నవాళ్లలో బహు కొద్దిమంది తప్ప అటువైపు చూడలేదు. గడువు 1990లో మొదలైంది కాబట్టి సహజంగానే చేరినవాళ్లంతా వయసులో చిన్నవాళ్లుగా కనిపిస్తారు. "కుర్ర డాక్టర్లకే నాణ్యత మీద ఆసక్తి" అని దీన్ని చదివితే పప్పులో కాలేసినట్టే. అక్కడ పనిచేసింది ఆసక్తికంటే గడువు తేదీ.

తర్వాతది పనిచేసే చోటు. పెద్ద గ్రూపులో, ఆస్పత్రి వ్యవస్థలో ఉద్యోగం చేసేవాళ్లు ఎక్కువగా వస్తారు, ఒంటరిగా క్లినిక్ నడిపేవాళ్లు తక్కువ. నాణ్యత లెక్కలు పంపితే ప్రభుత్వం బోనస్ ఇచ్చే పథకం 2007లో మొదలైతే అక్కడా ఇదే వరస: గ్రూపు ఎంత పెద్దదైతే పాల్గొనడం అంత ఎక్కువ. గ్రూపులో ఫారాలు నింపడానికి వేరే మనిషి ఉంటాడు. ఉద్యోగం ఇచ్చిన ఆస్పత్రో, ఇన్సూరెన్స్ కంపెనీయో బోర్డు సర్టిఫికెట్ ఉండి తీరాలంటే డాక్టరుకు వేరే దారి కూడా ఉండదు. సర్టిఫికెట్ పునరుద్ధరించుకోని ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్లను ఎందుకని అడిగితే ఎక్కువగా వచ్చిన జవాబులు ఇవే: టైమ్ పడుతుంది, ఖర్చవుతుంది, నా ఉద్యోగానికి అది అడగరు.

పని స్వభావం కూడా ఒక జల్లెడే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే పేషెంట్లను ఏళ్ల తరబడి చూసే జనరల్ ఫిజీషియన్‌కు షుగర్ మాడ్యూల్ అతికినట్టు సరిపోతుంది. ఆస్పత్రిలో చేరినవాళ్లను మూడు రోజులు చూసి పంపించేసే హాస్పిటలిస్టుకు "ఏడాదిలో కంటి పరీక్ష" అన్న ప్రశ్నే వింత. ఎండోస్కోపీలతో రోజు గడిచే గ్యాస్ట్రో డాక్టరుకు ఇంకా వింత. వారానికి ఒక పూట మాత్రమే పేషెంట్లను చూస్తూ మిగతాదంతా పరిశోధనలో ఉండే ప్రొఫెసరుకు పాతిక చార్టులు పోగవడమే కష్టం. వీళ్లు రాకపోతే అది నిర్లక్ష్యం కాదు, చొక్కా కొలత వాళ్లది కాదంతే.

ఇదంతా చివరికి 2014లో బద్దలైంది. పదేళ్లకోసారి చేసే పనిని బోర్డు ఎడతెగని పనిగా మార్చింది. రెండేళ్లకోసారి ఏదో ఒకటి చేసి తీరాలి, ఐదేళ్లలో వంద పాయింట్లు, అందులో ప్రాక్టీస్ కొలతలు, పేషెంట్ల అభిప్రాయాలు, భద్రత తప్పనిసరి. చేయనివాళ్ల పేరు పక్కన, జీవితకాలం సర్టిఫికెట్ ఉన్నవాళ్లతో సహా, ఎంఓసీ నియమాలు పాటించడం లేదని వెబ్‌సైట్‌లో పెడతామంది. డాక్టర్లు భగ్గుమన్నారు. కాలిఫోర్నియా గుండె డాక్టరు పాల్ టైర్‌స్టీన్ పెట్టిన పిటిషన్‌కు 19 వేలకు పైగా సంతకాలు వచ్చాయి. 2015 జనవరిలో ఆయన ఏకంగా పోటీ బోర్డునే మొదలుపెట్టారు. ఫిబ్రవరి 3న బోర్డు అధ్యక్షుడు రిచర్డ్ బేరన్ తప్పు జరిగిందని, క్షమించమని డాక్టర్లకు బహిరంగంగా రాశారు. ప్రాక్టీస్ కొలతల నియమాన్ని ముందు రెండేళ్లు పక్కన పెట్టారు, తర్వాత పొడిగించారు. మళ్లీ అది తప్పనిసరి కాలేదు. ఇప్పుడు కావాలంటే చేసి పాయింట్లు తీసుకోవచ్చు, వద్దంటే వేరే దారుల్లో పాయింట్లు తెచ్చుకోవచ్చు. పదేళ్ల పరీక్షకు బదులుగా 2022 నుంచి మూడు నెలలకు 30 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు, ఇంట్లో కూర్చుని పుస్తకం చూసి రాసే పద్ధతి కూడా వచ్చింది.

అదే 2015లో వచ్చిన ఒక లెక్క డాక్టర్ల కోపానికి అంకెలిచ్చింది. పదేళ్లలో ఒక్కో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరుకు ఎంఓసీ సగటు ఖర్చు 23,607 డాలర్లు, అందరిదీ కలిపితే 570 కోట్ల డాలర్లు. ఇందులో ఫీజు వాటా తక్కువే, పదింట తొమ్మిది వంతులు డాక్టర్ల టైమ్‌కు కట్టిన విలువ. నా ఉద్దేశంలో డాక్టర్లు ఓడించాల్సింది ఆ ఫీజులను, ఆ అవమానకరమైన జాబితాను. వాటితో పాటు గంపగుత్తగా ప్రాక్టీసు కొలతలు కూడా కొట్టుకుపోయాయి. మొత్తం ఎంఓసీలో పేషెంట్‌ను నేరుగా తాకే భాగం అదొక్కటే.

ఇప్పుడు ఆ 1989, 1990 గీత దగ్గరికి వద్దాం. 2014లో ఒకే వైద్య పత్రికలో రెండు అధ్యయనాలు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి మెడికేర్ (ముఖ్యంగా అరవై ఐదు దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) పేషెంట్లను చూసింది: గడువున్న డాక్టర్ల పేషెంట్లు, గడువు లేని డాక్టర్ల పేషెంట్లు. సరైన ఓపీ వైద్యం ఉంటే తప్పించగలిగే ఆస్పత్రి చేరికల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఖర్చు పెరుగుదల మాత్రం గడువున్నవాళ్ల దగ్గర రెండు శాతం పైచిలుకు తక్కువ. రెండోది మాజీ సైనికుల ఆస్పత్రుల్లో పది నాణ్యతా కొలతలు చూసింది, ఏ ఒక్కదాంట్లోనూ తేడా లేదు. విమర్శకులు పండగ చేసుకున్నారు. నాలుగేళ్లకు 2018లో ఇంకో అధ్యయనం వచ్చింది. ఈసారి 1991లో బోర్డు పాసైన డాక్టర్లలోనే సర్టిఫికెట్ నిలబెట్టుకున్నవాళ్లనూ వదిలేసినవాళ్లనూ పోల్చారు. నిలబెట్టుకున్నవాళ్ల పేషెంట్లకు షుగర్ పరీక్షలు సరైన సమయానికి జరగడం సుమారు నాలుగు శాతం పాయింట్లు ఎక్కువ. ఈసారి బోర్డు వర్గాలు సంతోషించాయి.

రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నట్టు కనిపిస్తాయి కానీ, అవి అడిగిన ప్రశ్నలే వేరు. మొదటి జత, నియమం ఎవరి మీద పడిందన్నది చూసింది. ఒక ఏడాది అటో ఇటో పుట్టడం డాక్టరు చేతిలో లేదు కాబట్టి ఆ పోలిక కాస్త శుభ్రంగా ఉంటుంది. రెండోది, నియమం పడినవాళ్లలో ఎవరు దాన్ని పాటించారన్నది చూసింది. పాటించడం డాక్టరు స్వభావం, ఉద్యోగం, క్లినిక్ స్థితి, అన్నీ కలిసిన నిర్ణయం. రిజల్ట్స్ రోజు పేపర్లో పేజీ నిండా ర్యాంకులు వేసుకునే కార్పొరేట్ కాలేజీ ప్రకటన గుర్తుచేసుకోండి. ఎంట్రన్స్ పెట్టి ముందే ఏరి తెచ్చుకున్న పిల్లలకు ర్యాంకులొస్తే అందులో కాలేజీ వాటా ఎంత, పిల్లల వాటా ఎంత? వేరుచేసి చెప్పగలిగేవాడు లేడు. ఆ నాలుగు శాతం పాయింట్లూ అలాంటివే. కొంత కార్యక్రమానిది, కొంత చేరిన డాక్టరుది.

దీనిలోంచే అసలు చిక్కు బయటికి వస్తుంది. డాక్టర్లకు వాళ్ల పనితీరు లెక్కలు చూపిస్తే మార్పు వస్తుందా అన్నదాని మీద 2012లో, వైద్య పరిశోధనలను పోగుచేసి సమీక్షించే కోక్రేన్ సంస్థ 140 ప్రయోగాలను కలిపి చూసింది. సగటు మెరుగుదల చిన్నదే, సుమారు 4.3 శాతం. కానీ కొన్నిచోట్ల దాదాపు ఏమీ రాలేదు, కొన్నిచోట్ల 16 శాతం దాకా వచ్చింది. ఎక్కువ ఎక్కడ వచ్చిందంటే, మొదట పనితీరు తక్కువున్న చోట. లెక్క చూపించేది తోటి డాక్టరో పై డాక్టరో అయినప్పుడు, ఒక్కసారితో ఆపకుండా మళ్లీ మళ్లీ చూపించినప్పుడు, ఇంత చేరాలనే లక్ష్యంతో పాటు ఎలా చేరాలో కూడా చెప్పినప్పుడు.

అంటే లాభం ఎక్కువ పొందేది వెనకబడినవాళ్లు. స్వచ్ఛంద కార్యక్రమానికి వచ్చేదేమో ఇప్పటికే ముందున్నవాళ్లు. ఉదాహరణకు, వచ్చినవాళ్ల మార్కులు 80 నుంచి 83 అవుతాయి, రానివాళ్లు 50 దగ్గరే ఉండిపోతారు. కార్యక్రమం నివేదికలో ఆ 83 ఉంటుంది, 50 ఎక్కడా ఉండదు. ఆ యాభై దగ్గరున్న డాక్టరుకు పేషెంట్లు లేరా అంటే, తరచూ ఎక్కువమంది ఉంటారు, అందులోనూ పేదవాళ్లు.

డబ్బు ఎరవేస్తే ఇది సరవుతుందా అని అమెరికా ప్రభుత్వం చూసింది. 2017లో మిప్స్ అనే పథకం మొదలైంది. నాణ్యత లెక్కలు, మెరుగుదల పనులు, ఖర్చు, కంప్యూటర్ రికార్డు వాడకం, వీటికి మార్కులు వేసి, వాటిని బట్టి మెడికేర్ చెల్లింపులను పెంచడమో కోయడమో. కోత 4 శాతంతో మొదలై 9 శాతం దాకా పెరిగింది. 2019కి ఈ పథకం కోసం ఒక్కో డాక్టరుకు ఏడాదికి 12,800 డాలర్లు, డాక్టర్లదీ సిబ్బందిదీ కలిపి 200 గంటల పైగా సమయం పడుతోందని ఒక అధ్యయనం తేల్చింది. పేద పేషెంట్లు ఎక్కువున్న డాక్టర్లకు మార్కులు తక్కువ, పెద్ద ఆస్పత్రి వ్యవస్థల్లో ఉన్నవాళ్లకు ఎక్కువ. ఉన్నవాడికి బోనస్, లేనివాడికి కోత. ఫారాలు నింపగలిగే శక్తికి, వైద్యం చేయగలిగే శక్తికి ఈ పథకం ఒకే మార్కు వేస్తోందన్న అనుమానం నాకైతే బలంగా ఉంది.

బ్రిటన్‌లో ఇంకో రకంగా జరిగింది. అక్కడ 2004లో కుటుంబ డాక్టర్ల క్లినిక్‌లకు నాణ్యత కొలతలను బట్టి డబ్బిచ్చే పథకం పెట్టారు. ఇంటర్నల్ మెడిసిన్ కాకపోయినా చూసే జబ్బులు చాలావరకు అవే. స్వచ్ఛందమే, కానీ డబ్బు పెద్దది, కంప్యూటర్లు అప్పటికే ఉన్నాయి, కాబట్టి దాదాపు అన్ని క్లినిక్‌లూ చేరాయి. సంపన్న ప్రాంతాల క్లినిక్‌లకూ పేద ప్రాంతాల క్లినిక్‌లకూ మధ్య మొదటి ఏడాది 4 శాతం పాయింట్లున్న తేడా మూడో ఏటికి 0.8కి పడిపోయింది. పథకం మీద విమర్శలు లేకపోలేదు. అయినా అందరూ వచ్చిన చోట వెనకున్నవాళ్లు ముందుకు కదిలారన్నది మాత్రం కళ్లకు కట్టింది.

లక్షణాల గురించి మాట్లాడేటప్పుడు ఇంకో జాగ్రత్త. డాక్టరు వయసు, చదివిన దేశం, ఆడా మగా అన్నవాటిని పట్టుకుని తీర్పు చెప్పడం చాలా తేలిక. యుసుకే త్సుగావా బృందం ఆస్పత్రుల్లో పనిచేసే ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్లు చూసిన మెడికేర్ పేషెంట్ల మీద వరసగా అధ్యయనాలు చేసింది. 2017లో వచ్చిన ఒకదాంట్లో, నలభై లోపు డాక్టర్ల పేషెంట్లలో 30 రోజుల్లోపు మరణాలు 10.8 శాతం, అరవై దాటిన డాక్టర్ల దగ్గర 12.1 శాతం. పేపర్లు ఇంతవరకే రాస్తాయి. అదే అధ్యయనంలో తర్వాతి వాక్యం చూడాలి: ఎక్కువమంది పేషెంట్లను చూసే డాక్టర్లలో వయసు తేడా కనిపించలేదు. చేయి తిరుగుతూ ఉంటే వయసు అడ్డం రాలేదన్నమాట. అదే ఏడాది ఇంకోదాంట్లో, బయటి దేశాల్లో చదివిన డాక్టర్ల పేషెంట్లలో మరణాలు 11.2 శాతం, అమెరికాలోనే చదివినవాళ్ల దగ్గర 11.6. మన కాలేజీల్లో చదివి వెళ్లినవాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు, కాస్త ఆగి అయితేనే. అమెరికాలో రెసిడెన్సీ (ఆస్పత్రిలో పీజీ శిక్షణ) దొరకాలంటే బయటివాళ్లు దాటాల్సిన వడపోత ఎంత కఠినమో వాళ్లకే తెలుసు. ఇక్కడ కూడా అంకె వెనక ఎంపికే ఉంది.

మన దగ్గరికి వస్తే, 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం డాక్టరు ఐదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర వైద్య విద్య పూర్తి చేయాలి. ఆచరణలో అది ఆదివారం హోటల్ హాల్లో సదస్సు, రిజిస్టర్‌లో సంతకం, భోజనం, క్రెడిట్ సర్టిఫికెట్. ఉపన్యాసాలు బాగుంటాయి, వేదిక మీద పెద్దలు నిజంగానే పెద్దలు. కానీ ఆ 30 గంటల్లో డాక్టరు తన సొంత పేషెంట్ల లెక్క ఒక్కటి తీయాల్సిన అవసరం రాదు. ఆస్పత్రి స్థాయిలో సంగతి వేరు. ఆస్పత్రుల నాణ్యతను పరీక్షించే ఎన్‌ఏబీహెచ్ సంస్థ గుర్తింపు కావాలనుకున్న కార్పొరేట్ ఆస్పత్రులు ఆడిట్లు చేస్తాయి, ప్రభుత్వాస్పత్రులకు జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. అక్కడ కూడా లెక్కకొచ్చేది ఆస్పత్రి. జిల్లా కేంద్రంలోనో మండల కేంద్రంలోనో సొంత క్లినిక్ పెట్టుకున్న ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరు వీటిలో దేనికిందకీ రారు. షుగర్, బీపీల ఓపీలో పెద్ద భాగం నడిచేది ఆయన బల్ల ముందే.

రేపు ఎవరైనా అమెరికా మాడ్యూలే తెచ్చి ఆయన చేతిలో పెట్టి "పాతిక చార్టులు తీయండి సార్" అంటే మొదటి అడుగులోనే ఆగిపోతుంది. తీయడానికి చార్టు లేదు. మన దగ్గర కేస్ హిస్టరీ ఉండేది డాక్టరు దగ్గర కాదు, పేషెంట్ తెచ్చుకునే ప్లాస్టిక్ కవర్లో. పాత చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, ఈసీజీ కాగితం, స్కానింగ్ ఫిల్ము, అన్నీ మడతపెట్టి ఆ కవర్లోనే. కవర్ ఇంట్లో మర్చిపోతే ఆ రోజు వైద్యం మొదటి నుంచి మొదలు. డాక్టరు దగ్గర మిగిలేది ఓపీ రిజిస్టర్‌లో పేరు, వయసు, ఫీజు. ఆరోగ్య రికార్డుల కోసం 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వచ్చింది కానీ, గంటకు ఇరవైమందిని చూసే ఓపీలో కంప్యూటర్ ముందు కూర్చుని టైప్ చేసే తీరిక ఎవరికుంది.

అందుకని ఇక్కడ మొదలుపెడితే వెనక్కి తిరిగి చార్టులు తవ్వే పద్ధతితో కాకుండా, ముందుకు లెక్కపెట్టే పద్ధతితో మొదలుపెట్టాలి. రేపటి నుంచి వచ్చే మొదటి పాతికమంది షుగర్ పేషెంట్లకు ఒక కాగితం, నాలుగు గడులు: బీపీ రాశామా, మూడు నెలల షుగర్ ఆర్నెల్లలో చేయించారా, పాదాలు చూశామా, కంటి పరీక్షకు పంపామా. నింపేది కాంపౌండర్. చెప్పులు విప్పడం మన దగ్గర సమస్యే కాదు, సగం క్లినిక్‌లలో పేషెంట్లు వాటిని గుమ్మం బయటే వదిలి వస్తారు, పాదాలు అప్పటికే కనబడుతూనే ఉంటాయి. ఆ కాగితాన్ని తీసుకుని డాక్టర్ల సంఘమైన ఐఎంఏ స్థానిక శాఖ మీటింగ్‌లో నలుగురు తోటి ఫిజీషియన్లు ఒకరిదొకరు చూసుకుని, మూడు నెలలకు మళ్లీ నింపితే, దానికి ఆ 30 గంటల్లోంచి ఓ రెండు గంటల క్రెడిట్ ఇవ్వడానికి రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు. ఎవరు వచ్చారో రాసుకునే రిజిస్టర్ పక్కన, ఆ ఊళ్లో రిజిస్టరై ఉండీ ఇంతవరకు రాని డాక్టర్ల జాబితా కూడా ఒకటి ఉంటే, రెండో విడత ఫోన్ ఎవరికి చేయాలో తెలుస్తుంది.